చదివి వినిపించిన ఉత్తరం

మదనపల్లె,
14 జూన్ 1998

షంషాద్ ఆపాకు, సలాం.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మీ మోకాళ్ళ నొప్పి మునుపటిలాగే ఉంది. అబ్బా తెల్లారగానే పట్టుగూళ్ళ మార్కెట్టుకు వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతున్నారు. పోయిన నెల నువ్వు ఉర్దూలో రాసిన కార్డును అబ్బా గట్టిగా చదివి వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినిపించారు. మీ అత్తతో నీకు జరిగిన గొడవ వీధంతా తెలిసిపోయింది. అందుకే చెబుతున్నాను, ఇకమీదట మనం తెలుగులో రాసుకుందాం. అబ్బాకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అమ్మీకి ఏ చదువూ రాదు. మనల్ని తెలుగు బడిలో వేసినందుకు ఈ మాత్రం లాభమైనా ఉండనీ.

నేనింకా పుంగనూరు ప్రైవేటు బడికే పోతున్నాను. ఏడున్నర బస్సు, సాయంత్రం అయిదు బస్సు. ఈసారి డీఎస్సీ పరీక్ష రాస్తున్నాను. మా బడిలో ఉర్దూ చెప్పే ఫిజా కూడా రాస్తోంది. పుంగనూరు గాజుల అంగడి వాళ్ళ అమ్మాయి. మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బాలో తిని చదువుకుంటాం. లెక్కలూ, తెలుగు రాయడమూ నేను చెబుతాను, మనస్తత్వశాస్త్రం ఫిజా చెబుతుంది. ఇద్దరికీ ఉద్యోగం వస్తే పెద్దతిప్పసముద్రం వైపు ఒకే ఊళ్ళో వేయించుకోవాలని ఉంది. అటువైపు ఎవరూ అడగరట, ఖాళీలు ఎక్కువ. ఇద్దరు టీచరమ్మలు ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరని ఫిజా అంటుంది. ఫిజాకు ధైర్యం ఎక్కువ.

అబ్బా మాత్రం రాయచోటి సంబంధం ఒకటి పట్టుకొచ్చారు. మీ అమ్మ పోయాక నువ్వు మా ఇంట్లోనే పెరిగావు. కూతురి మాట కన్నా నీ మాటే ఆయన ఎక్కువ వింటారు. ఫలితాలు వచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తవద్దని ఒక్కసారి చెప్పు ఆపా. ఇంకెవరినీ అడగలేను.

నీ చెల్లెలు
రహీమా

*

కుప్పం,
2 జులై 1998

రహీమాకు దీవెనలు.

నీ ఉత్తరం చూసి నవ్వుకున్నాను. తెలుగు రాసి ఎనిమిదేళ్ళయింది, ఒత్తులు తప్పితే టీచరమ్మవు ఎర్ర ఇంకుతో దిద్దిపెట్టు.

ఇక్కడ నా గోడు నీకు తెలిసిందే. తాహిర్ పెళ్ళి కోసం ఇల్లంతా తలకిందులు అవుతోంది. గ్రానైట్ పాలిష్ మిషన్లో కుడిచేతి వేళ్ళు రెండు పోయి రెండేళ్ళయింది కదా. మా మరిది నెమ్మదైనవాడే, నోట్లో నాలుక లేదు. కానీ పెళ్ళివారు వస్తారు, టీ తాగుతారు, ఆ చెయ్యి చూస్తారు, కబురు చేస్తామని వెళ్ళిపోతారు. మూడు సంబంధాలు అలాగే పోయాయి. మా అత్త ఆ కోపమంతా నా మీద చూపిస్తోంది. నిన్న అన్నం ముందు కూర్చుని అందరూ వినేలా అంది: "పెద్దకోడలివై ఉండి ఒక్క పిల్లను సూడలేవా? మీ తట్టు ఆడపిల్లోళ్ళే లేరా? నా కొడుకు ఇట్లే ముసిలోడు కావాల్నా?" మీ బావ తల ఎత్తలేదు, ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు.

మీ అబ్బాతో మాట్లాడతాను. బక్రీదుకు వచ్చినప్పుడే ఆయన మెత్తబడినట్టు అనిపించింది. దిగులు పెట్టుకోకు.

ఇంకొక మాట. నీ ఉత్తరంలో పరీక్ష గురించి ఉన్నదాని కన్నా ఆ ఫిజా గురించే ఎక్కువ ఉంది. నిన్ను పెంచినదాన్ని, నా దగ్గర దాచకు. ఏమిటమ్మా విషయం? ఆ పిల్ల అన్నతోనో తమ్ముడితోనో ఏమైనా ఉందా?

మీ
షంషాద్ ఆపా

*

మదనపల్లె,
16 ఆగస్టు 1998

ఆపాకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. ఇది చించను.

ఫిజాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. మగవాళ్ళ సంగతి కాదిది. ఫిజాయే.

పోయిన ఏడాది జెండా పండుగ ముందు రోజు పిల్లలను పంపేశాక మేమిద్దరం స్టోరు గదిలో కాగితం జెండాలు అతికిస్తున్నాం. బయట వాన. పిండి జిగురు వేళ్ళకు అంటుకుని ఆరిపోతోంది. మాటల్లో, అబ్బా నాకు సంబంధాలు వెతకడం మొదలుపెట్టిన సంగతి చెప్పాను. తను చేతిలో ఉన్న జెండా అతికించి పక్కన పెట్టి, "నీకు పెండ్లి జేస్తే నేనేం కావాల?" అంది. "నువ్వూ చేసుకుంటావు" అన్నాను. "నేను జేసుకోను. నాకు మగోళ్ళంటే భయమూ లేదు, ఆశా లేదు. ఉండే ఆశంతా ఈడనే ఉండాది" అని నా చెయ్యి పట్టుకుంది. ఆపా, ఆ రోజు ఫిజా నా పెదవుల మీద ముద్దు పెట్టింది. నేను వెనక్కి జరగలేదు. జరగాలని అనిపించలేదు. చిన్నప్పటి నుంచి నాలో ఏదో తక్కువ ఉందని అనుకునేదాన్ని. తోటి పిల్లలు పెళ్ళికొడుకుల గురించి మాట్లాడుకుంటుంటే నాకు ఏమీ అనిపించకపోవడం రోగమేమో అనుకున్నాను. రోగం కాదని ఆ గదిలో తెలిసింది.

దీన్ని ఏమంటారో నాకు తెలీదు. మన ఇంటి భాషలోనూ తెలీదు, తెలుగులోనూ తెలీదు. తెలిసినవాళ్ళు వాడే మాటలు తిట్లే అయి ఉంటాయి. నమాజుకు కూర్చున్నప్పుడు నాకు భయం వేయదు. అల్లాకు నేను చెప్పకపోయినా తెలుసు కదా అనిపిస్తుంది. మనుషులను తలచుకుంటేనే వణుకు పుడుతుంది. అబ్బాకు తెలిస్తే చంపడు. ఆయనే చచ్చిపోతాడు.

పదేళ్ళు నువ్వూ నేనూ ఒకే దుప్పటి కింద పడుకున్నాం. నేను పెద్దమనిషినయ్యి భయంతో ఏడుస్తుంటే గుడ్డ మడత పెట్టి ఇచ్చింది నువ్వే. అందుకే నీకు చెప్పాను. నన్ను అసహ్యించుకుంటే అదే రాయి, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

రహీమా

*

కుప్పం,
5 సెప్టెంబరు 1998

రహీమాకు,

మొదట నీ ఉత్తరం సగమే చదివి మడిచేశాను. రెండు రోజులు పనిలో పడి తిరిగాను. మూడో రోజు మిగతా సగం చదివాను.

నిన్ను అసహ్యించుకోవడం నా వల్ల కాదు. నా చేతులతో జడ వేసిన పిల్లవు నువ్వు. నాకు అర్థమైందని మాత్రం అబద్ధం చెప్పలేను. పదిహేడేళ్ళకు నన్ను ఈ ఇంటికి పంపారు. నాకేం కావాలని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. నువ్వు అడుగుతున్నావు. అదే నాకు వింతగా ఉంది.

ఎవరికీ చెప్పను. నీ ఉత్తరం పొయ్యిలో వేసేశాను, మనసులో పెట్టుకోకు. ఇలాంటివి ఇంకెప్పుడూ కాగితం మీద పెట్టకు.

ఆ పిల్ల సంగతి ఇంకొంచెం రాయి. వాళ్ళ నాన్న ఎలాంటివాడు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, సంబంధాలు ఏమైనా వస్తున్నాయా. నీకు సాయం చేయాలంటే నాకు అన్నీ తెలియాలి కదా.

మీ అబ్బాకు ఫోను చేశాను. ఫలితాలదాకా ఆగుతానన్నాడు.

షంషాద్

*

మదనపల్లె,
8 నవంబరు 1998

నా బంగారు ఆపాకు,

నీ ఉత్తరం చదివి గుసల్‌ఖానాలో స్నానానికని తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషంతోనే. లోకంలో ఒక్కరికి తెలిసి, ఆ ఒక్కరూ నన్ను వెలివేయలేదంటే అది ఎంత బలమో నీకు ఎలా చెప్పాలి. ఫిజాకు కూడా చెప్పాను. "మీ ఆపా నిజంగా అట్ల రాసిందా? నాకు సూపించు" అని చదివి, నీ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

అంతకన్నా పెద్ద సంగతి, మేమిద్దరం సెలెక్టయ్యాం. లిస్టు చూడటానికి చిత్తూరు కలిసి వెళ్ళాం. గోడ దగ్గర తోపులాట. ఫిజా ముందుకు దూరి, "నీది ఉండాది, నాదీ ఉండాది" అని అరిచింది. పక్కనున్న ఒక పెద్దాయన నవ్వి మాకు దారి ఇచ్చాడు. బస్సులో తిరిగి వస్తూ ఇంటి గురించే మాట్లాడుకున్నాం. వంటిల్లు చిన్నదైనా ఫరవాలేదట, వాకిలి మాత్రం తూర్పుకు ఉండాలట. జనవరిలో ఊళ్ళు కేటాయిస్తారు.

నువ్వు అడిగిన వివరాలు: ఫిజా నాన్న మెత్తనివాడు, అంగడి తప్ప ఏమీ పట్టదు. ఇంట్లో అంతా వాళ్ళమ్మే. ఆమెకు పరువు అంటే ప్రాణం. ఫిజా పెద్దకూతురు, కింద ఇద్దరు చెల్లెళ్ళు. సంబంధాలు వస్తున్నాయి గానీ ఉద్యోగం వస్తుందని వాళ్ళమ్మ ఆపి ఉంచింది. అది మాకు మంచిదే అయింది.

ఉద్యోగంలో చేరడానికి అబ్బా ఒప్పుకున్నారు. నీ చలవే.

నీ
రహీమా

*

కుప్పం,
26 నవంబరు 1998

రహీమాకు,

సెలెక్టయినందుకు సంతోషం. ఇంట్లో పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను. పోయిన వారం ఒక పని మీద నేనూ మా అత్తా పుంగనూరు దాకా వచ్చాం. మదనపల్లె రావడానికి వీలు కాలేదు, అమ్మీకి చెప్పు.

నువ్వు కొన్నాళ్ళు ఫిజా ఇంటికి పోకుండా ఉంటే మంచిది. ఊరు చిన్నది, చూసేవాళ్ళు చూస్తారు. నా మాట విను.

షంషాద్

*

మదనపల్లె,
9 డిసెంబరు 1998

ఆపా,

నవంబరు చివరి వారం నుంచి ఫిజా బడికి రాలేదు. జ్వరమని కబురొచ్చింది. నువ్వు పోవద్దన్నావు కాబట్టి వారం ఆగాను. శనివారం ఆగలేక వెళ్ళాను.

తలుపు ఫిజా వాళ్ళమ్మ తీసింది. ఎప్పుడూ "రామ్మా" అనే మనిషి గడప మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంగ ఈడికి రావద్దు" అంది. ఏమైందని అడిగాను. ఆమె వీధి వైపు చూసి, గొంతు తగ్గించి, ఇలా చెప్పింది. ఒక్క మాట కూడా మర్చిపోలేదు నేను.

"నువ్వు రాసిందంతా మీ షంషాద్ ఆపా ఈ గడపలోనే కూసోని సదివి వినిపించింది. నాకు తెలుగు సదవను రాదు కదా, ఒక్కో మాట మన బాసలోకి మార్చి సెప్పింది. నేను సెవులు మూసుకున్యా. ఆయమ్మ ఆపలేదు. కడాకు సదివినాకనే మడిసి పెట్టుకునింది. మల్లా నా చెయ్యి పట్టుకోని, ఈ మాట బయటికి పోదు, మా మరిదికి మీ పిల్లనియ్యండి అనింది."

జెండాల సంగతి. ముద్దు సంగతి. నాలో ఏదో తక్కువ ఉందనుకున్న సంగతి. అవన్నీ మన ఇంటి భాషలో ఎలా పలికావు ఆపా? నాకు దొరకని మాటలు నీకు దొరికాయా?

పొయ్యిలో వేశానని రాశావు.

ఆమె వెనకాల ఫిజా కనిపించింది. చేతులకు అప్పటికే పసుపు పెట్టారు. పరుగెత్తుకుని వస్తుందనుకున్నాను. రాలేదు. నన్ను ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసి, "నువ్వు చెయ్యాల్సింది చేసినావు కదా. ఇంగ యాల వచ్చినావు?" అంది. లోపలికి వెళ్ళిపోయింది. నీకు రాయడం నా తప్పే, అందుకే అలా అందని అనుకుంటున్నాను. కానీ ఒక్కసారైనా వాళ్ళమ్మకు ఎదురు చెప్పి ఉండవచ్చు కదా. నాతో అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి అంత తొందరగా పసుపు పెట్టించుకుందా?

రంజాన్ నెల మొదలవక ముందే నికా అని అబ్బా పేరు మీద వచ్చిన పెళ్ళికార్డులో ఉంది. 13వ తేదీ, ఆదివారం, కుప్పం. కింద పిలిచేవాళ్ళ పేర్లలో బావ పేరు మొదటిది.

తాహిర్ చెయ్యి చూసి మూడు సంబంధాలు పోయాయని నువ్వే రాశావు. ఈ నాలుగో సంబంధం వాళ్ళు చెయ్యి చూడలేదు. చూసే ధైర్యం వాళ్ళకు లేకుండా చేశావు.

ఈ ఉత్తరం కూడా ఎవరికైనా చదివి వినిపించాలనుకుంటే వినిపించు.

రహీమా

*

కుప్పం,
25 జనవరి 1999

రహీమాకు,

పండుగ అయ్యేదాకా ఆగి రాస్తున్నాను. నీ కోపం చల్లారాలని ఆగాను.

నికా బాగా జరిగింది. ఫిజా గొంతు వణకకుండా కబూల్ చెప్పింది. ఎవరూ బలవంతం చేయలేదు. నువ్వు అనుకున్నంత లోతు ఆ పిల్లలో లేదేమో. ఇప్పుడు వంటింట్లో నాతోపాటు అన్నీ చేస్తోంది. తాహిర్ ఆమెను పువ్వులా చూసుకుంటున్నాడు. ఉద్యోగానికి పంపలేదు, కుప్పం నుంచి అంత దూరం ఎవరు పంపుతారు.

నేను చేసింది ఇద్దరి మంచికే. మీరు పోతున్న దారికి చివర ఏముందో మీకు తెలీదు. ఏదో ఒక ఊళ్ళో ఎవడో ఒకడు కిటికీలోంచి చూసేవాడు, అప్పుడు మీ అబ్బా, ఫిజా నాన్న తలలు ఎక్కడ పెట్టుకునేవారు? నాలుగు గోడల మధ్య పోయేదాన్ని నాలుగు గోడల మధ్యే పోనిచ్చాను. మీ అబ్బాకు నేనేమీ చెప్పలేదు. చెప్పే అవసరం రానీయకు.

నీకు మంచి సంబంధం నేనే చూస్తాను.

షంషాద్ ఆపా

*

మదనపల్లె,
2 ఫిబ్రవరి 1999

నీ ఉత్తరం అందింది. నాకు పెద్దతిప్పసముద్రం మండలంలో ఊరు ఇచ్చారు. సోమవారం చేరుతున్నాను. చిరునామా నీకు ఇవ్వను. ఇక రాయవద్దు.

రహీమా

*

కుప్పం,
3 మే 2004

రహీమాకు,

అయిదేళ్ళయింది. మీ అబ్బా పోయినప్పుడు వచ్చాను, నువ్వు నా వైపు చూడలేదు. నీ బడి చిరునామా మదనపల్లెలో మీ పక్కింటి ప్రమీలమ్మను బతిమాలి తెప్పించుకున్నాను. ఇది చించకుండా చివరిదాకా చదువు. నిన్ను అడగాల్సిన సాయం ఒకటి ఉంది. దానికి ముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి.

జనవరిలో ఎవరిదో పెళ్ళికని ఫిజా పుంగనూరు వెళ్ళింది. అక్కడ మీ పాత బడిలో పనిచేసిన కౌసల్య టీచర్ కనిపించిందట. మాటల్లో నీ గురించి వచ్చింది. "రహీమాకు బెంగళూరులో ఎంతమంది పిల్లలు?" అని ఫిజా అడిగిందట. "ఆయమ్మకు పెండ్లే కాలేదు కదమ్మా, పెద్దతిప్పసముద్రం దగ్గర వాళ్ళమ్మను పెట్టుకోని ఒంటిగా ఉండాది" అని కౌసల్య చెప్పింది.

ఫిజా మరునాడు తిరిగి వచ్చింది. నేను చింతపండు పిసుకుతున్నాను. ఎదురుగా కూర్చుని అడిగింది: "ఆపా, ఆ పొద్దు మా ఇంట్లో నాతో ఏం సెప్పినావు? మల్లా ఒకతూరి సెప్పు."

ఆ పొద్దు నేను ఏమి చెప్పానో నీకూ చెప్పాలి రహీమా. వాళ్ళమ్మకు నీ ఉత్తరం చదివాక ఫిజాను లోపలి గదిలోకి తీసుకెళ్ళాను. పెళ్ళి వద్దని గోడకు తల కొట్టుకుంటోంది. రహీమా వస్తుంది, రహీమాను పిలిపించండి అంటోంది. అప్పుడు నీ ఉత్తరం చేతికిచ్చి చూడమన్నాను. "నీ రహీమానే ఇది నాకిచ్చి పంపింది. బెంగళూరు సంబంధం కుదిరింది. ఇదంతా చిన్నపిల్లల ఆటగా అయిపోయింది, ఫిజా నన్ను విడిచిపెట్టేలా చేయి ఆపా అని ఏడ్చింది" అని చెప్పాను. నీ చేతిరాత తనకు తెలుసు. ఆ కాగితం నా చేతికి ఇంకెలా వస్తుందని అనుకుందో ఏమో, నమ్మింది. ఏడుపు ఆపింది. ఆ సాయంత్రమే పెళ్ళికి సరేనంది.

ఇదంతా ఇప్పుడు మళ్ళీ అడిగితే నేను చెప్పలేకపోయాను. నా మొహం చూసే తెలుసుకుంది. లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాలుగు నెలలుగా నాతో ఒక్క మాట లేదు. ఒకే పొయ్యి దగ్గర పక్కపక్కన వంట చేస్తాం. ఉప్పు డబ్బా కావాలన్నా నన్ను దాటి తనే తీసుకుంటుంది. తన కూతురు నా ఒళ్ళో కూర్చుంటే వచ్చి ఎత్తుకుపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, తాహిర్‌కు కూడా. అరిచినా, తిట్టినా నాకు ఇంత కష్టం ఉండదు. నాకు పిల్లలు లేరని నీకు తెలుసు. తన పిల్లలనే నా పిల్లలనుకుని పెంచాను.

మీ మంచికే చేశానని అప్పుడు రాశాను. సగమే నిజం. మా అత్త రోజూ అనే మాటలు ఆగాలని చేశాను. ఇంకా లోపల ఇంకొకటి ఉండి ఉంటుంది. నీ ఉత్తరం చదివినప్పుడు నా బతుకులో ఎవరూ నన్ను అలా కావాలనుకోలేదని అనిపించింది. మీకు మాత్రం ఎందుకు దక్కాలి అనిపించింది.

నువ్వు ఒక్క ముక్క రాస్తే ఫిజా వింటుంది. ఆపాను క్షమించు అని నువ్వు చెబితే కాదనదు. సెలవులకు పిల్లలతో పుంగనూరులో ఉంది, జూన్ మొదటివారం దాకా ఉంటుంది. అల్లా పేరు మీద అడుగుతున్నాను.

షంషాద్

*

పుంగనూరు,
16 మే 2004

షంషాద్‌కు,

నీ ఉత్తరం మొన్న బడి దగ్గర చేతికొచ్చింది. సెలవులు కదా, పోస్టుమాను ఆంజనేయులు తాళం వేసిన గేటు దగ్గర నిలబడి ఎదురుచూసి ఇచ్చాడు. అక్కడే మెట్ల మీద కూర్చుని చదివాను. మొదటికి వచ్చి మళ్ళీ చదివాను.

నీ మీద కోపం నాకు కొత్త కాదు. ఆ ఉత్తరంలో నాకు తెలిసింది వేరే. అయిదేళ్ళుగా నేను ఫిజాను తిట్టుకుంటున్నాను. పిరికిది అనుకున్నాను. నాతో ఆడుకుందని, పసుపు పెట్టగానే మర్చిపోయిందని అనుకున్నాను. ఒకసారి మదనపల్లె బస్టాండులో నల్ల బురఖాలో తనలాంటి మనిషి కనిపిస్తే మొహం తిప్పుకున్నాను. తను అక్కడ నన్ను తిట్టుకుంటోంది. ఇక్కడ నేను తనను తిట్టుకుంటున్నాను. నువ్వు మధ్యలో కూర్చుని నాకు మంచి సంబంధం చూస్తానని రాశావు. పెళ్ళి చేశావు, అది అందరూ చేసేదే. ఫిజా దగ్గర నన్నూ, నా దగ్గర ఫిజానూ చెడ్డవాళ్ళను చేశావు. మనసులో దాచుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

నిన్న ఉదయం పుంగనూరు వచ్చాను. ఫిజా వాళ్ళమ్మ తలుపు తీసింది. ముసలిదైపోయింది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టలేదు. "లోపల ఉండాది" అని పక్కకు జరిగింది.

ఫిజా నేల మీద కూర్చుని కూతురికి పేలు చూస్తోంది. తల ఎత్తింది. నేను చెప్పులు విడవకుండానే అన్నాను: "నేను ఆ ఉత్తరం నీకు ఇమ్మని ఎవరికీ ఇవ్వలేదు. బెంగళూరు సంబంధం లేదు. ఎప్పుడూ లేదు."

"తెలుసు" అంది. "జనవరిలోనే తెలిసింది. నీ నోటితో సెప్తే వినాలని ఉన్నింది. వచ్చి అడిగేదానికి మొకం లేక ఊరుకున్యా. నేనూ నమ్మినా కదా. నిన్ను ఒక్క మాట అడక్కుండానే నమ్మినా."

"నేనూ అంతే" అన్నాను.

నీ సంగతి అంతటితో అయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

పాప, "ఎవురమ్మా ఈయమ్మ?" అని అడిగింది. ఫిజా పాప జుట్టు వదిలి, "నాకు తెలుగు రాయను నేర్పించిన టీచరు" అంది. పాప నాకు సలాం చెప్పి ఆడుకోవడానికి పోయింది.

నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నువ్వు అబద్ధం చెప్పిన గది అదేనట. గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఫిజా నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. సుద్దముక్కలు పట్టుకుని నా వేళ్ళు మొద్దుబారాయని చెప్పింది. పెద్దతిప్పసముద్రంలో ఇల్లు ఎలా ఉందని అడిగింది. వాకిలి తూర్పుకేనా అంది. కాదు, ఉత్తరానికి అన్నాను. తను నవ్వింది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పుడే నాకు తెలిసింది, ఇన్నేళ్ళూ నేను ఏడవలేదని.

నాతో రమ్మని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. తల అడ్డంగా ఊపింది. "ఇద్దురు పిల్లోళ్ళు. ఆయప్ప తప్పేం లేదు, నన్ను ఒక్క మాట అన్నోడు కాదు. ఆయప్ప చెయ్యి చూసినోళ్ళు వద్దన్నారంట, నేను చూడకనే చేసుకుంటి. ఇప్పుడు చూసి విడిచిపెట్టేదెట్ల? నీతో వచ్చే మనిషిని ఆ పొద్దే సంపేసినారు రహీమా" అంది.

తాహిర్‌తో వేరు కాపురం మాట్లాడిందట. ఎందుకని అతను అడగలేదట. కుప్పంలోనే గుడుపల్లె రోడ్డులో ఇల్లు చూశాడట. సెలవుల తర్వాత నేరుగా ఆ ఇంటికే పోతారు. మీ ఇంటికి రారు. ఈ సంగతి నీకు చెప్పమనలేదు, చెప్పవద్దనీ అనలేదు. నేనే రాస్తున్నాను. నీకు ఎవరూ చదివి వినిపించకముందే తెలియాలని.

ఇకమీదట ఉత్తరాలు రాసుకుందామా అని అడిగాను. "వద్దు. రాసింది ఎవురి సేతికైనా పోతాది. ఎండాకాలం నేను ఈడికి వస్తా. నువ్వు వచ్చి సెప్పు" అంది. ఏడాదికి ఒకసారి, ఎండాకాలంలో, వాళ్ళమ్మ ఇంట్లో. అయిదేళ్ళ కిందట ఇద్దరం కలిసి ఒక ఊళ్ళో బతకాలనుకున్నాం. మాకు మిగిలింది ఇంత.

ఈ రాత్రికి కౌసల్య టీచర్ ఇంట్లో ఉన్నాను. ఇది పొద్దున్నే పోస్టు చేసి బస్సెక్కుతాను.

నువ్వు ఒక సాయం అడిగావు. దానికి జవాబు రాయాలని ఇంతసేపూ కూర్చున్నాను. నిన్న మధ్యాహ్నం దాకా ఆ గదిలో ఉన్నాం. ఫిజాకు నీ మాట చెప్పాలని నాకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే చెప్పేదాన్నో లేదో తెలీదు. పిల్లలు ఆకలని వచ్చారు, తను లేచి అన్నం పెట్టడానికి వెళ్ళింది.

రహీమా